భోజనబల్ల మ్యాట్లలో నడిమి మెత్త: ఒక సమీక్ష

భోజనాల బల్ల మీద ఒక్కొక్కరి కంచం కింద విడివిడిగా పరిచే గుడ్డను టేబుల్ మ్యాట్ అంటున్నారు. ఇంట్లో కుట్టుకునే మ్యాట్‌కు సాధారణంగా మూడు పొరలుంటాయి: కంటికి కనిపించే పై గుడ్డ, బల్లకు ఆనే అడుగు గుడ్డ, ఆ రెంటి నడుమ దాగి ఉండే మెత్త. పై గుడ్డ రంగు, అంచు పట్టీ తీరు ఎవరి అభిరుచిని బట్టి వారు తేల్చుకోగలిగినవే కాని, నడిమి మెత్త విషయంలో మాత్రం కుట్టుపని బాగా తెలిసినవారిలోనే ఏకాభిప్రాయం లేదు. దూది తప్ప మరేదీ పనికిరాదనేవారు కొందరు, పాలిస్టర్ వాడింగ్ చాలుననేవారు కొందరు, అసలు కొనుక్కునే మెత్తే అక్కరలేదు, పాత గుడ్డను రెండు మడతలు వేస్తే సరిపోతుందనేవారు మరికొందరు. ఈ వాదాలన్నిటిలోనూ కొంత నిజముంది. ఒక్కొక్కరూ మ్యాట్ నుంచి ఒక్కొక్క పని ఆశిస్తూ, ఆ సంగతి పైకి చెప్పకుండా మెత్త గురించి మాత్రమే వాదించుకోవడం వల్ల చర్చ ఎక్కడా తెగడం లేదు.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది మ్యాట్ చేసే పని. పాలిష్ పట్టిన చెక్కబల్లకు వేడీ తడీ రెండూ శత్రువులే. ఫ్రెంచ్ పాలిష్‌లో ప్రధానమైన లక్క సుమారు 75 డిగ్రీల సెల్సియస్ వద్దే మెత్తబడుతుంది. వేడి గిన్నె కింద చేరిన తేమ పాలిష్ పొరలోకి దిగితే తెల్లని వలయం పడుతుంది. స్టీలు కంచాలు గీకడం, చప్పుడు చేయడం, పులుసు చుక్కలు పడటం అంతకంటే చిన్న ఇబ్బందులే అయినా రోజూ ఉండేవి. నేల మీద పీట వేసుకుని, విస్తరిలోనో కంచంలోనో తిన్నంత కాలం తెలుగు ఇళ్లకు ఈ వస్తువుతో అవసరం రాలేదు. భోజనబల్లతో పాటే ఇదీ వచ్చింది. అయితే కాగిన గిన్నెను దింపి పెట్టడానికి కుదురు, పట్టుకోవడానికి మసిగుడ్డ మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కంచం కింద గుడ్డ వేరు, కుదురు వేరు అన్న ఈ పాత తేడాను మరిచిపోవడమే మెత్త ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలమని చెప్పవచ్చు. వడ్డించిన అన్నం కంచం అడుగును మహా అయితే వెచ్చబరుస్తుంది. పొయ్యి మీద నుంచి దించిన కుక్కర్ అడుగు సుమారు 120 డిగ్రీల వద్ద ఉంటుంది. వేపుడు మూకుడు 200 డిగ్రీలు దాటి ఉండవచ్చు. ఈ మూడింటికీ ఒకే మ్యాట్ సరిపోవాలని కోరుకునేవారు చివరికి కంచం నిలవనంత లావుపాటి మ్యాట్ కుట్టుకుంటారు.

వేడిని ఆపేది దూదీ కాదు, పాలిస్టరూ కాదు. పోగుల సందుల్లో కదలకుండా నిలిచిన గాలి. నిలిచిన గాలి వేడిని ఎంత తక్కువగా ప్రసరింపజేస్తుందంటే, నీరు దానికంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ ప్రసరింపజేస్తుంది. దీని నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఎంత ఉబ్బుగా కనిపించే మెత్త అయినా బరువైన గిన్నె కింద అణిగిపోతే అందులోని గాలి బయటికి పోతుంది కనుక, చేత్తో ఒత్తితే పూర్తిగా అణగని గట్టి మెత్తే అసలు పని చేస్తుంది. రెండవది, తడిసిన మెత్తలో గాలి ఉండవలసిన చోట నీరు ఉంటుంది కనుక వేడి నేరుగా దిగిపోతుంది. తడి మసిగుడ్డతో గిన్నె పట్టుకుని చేయి కాల్చుకున్నవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. నీటిని పీల్చే గుణం దూదికి ఎక్కువ. గదిలోని మామూలు తేమకే అది తన బరువులో 8 శాతం దాకా తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. ఒలికిన చారును పీల్చుకోవడానికి పనికివచ్చే ఆ గుణమే, వేడి గిన్నెను ఆపే చోట లోపంగా మారుతుంది.

రెండు గుడ్డల నడుమ మెత్త పెట్టి కుట్టే పని మన దేశానికి కొత్తది కాదు. తెలుగు నాట బొంత, బెంగాల్‌లో కాంథా, బిహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలోని సిద్దీలు కుట్టే కవంది అన్నీ ఆ కోవలోవే. వీటిలో చాలావాటికి విడిగా మెత్త ఉండదు. వాడి వాడి పలచబడిన చీరలు, పంచెలు మడతలుగా పరిచి ముందు పోగు కుట్టుతో దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ పోవడమే పద్ధతి. కవందిలో బయటి అంచు దగ్గర మొదలుపెట్టి, చిన్న చిన్న గుడ్డముక్కలు చేరుస్తూ, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. ఈ సంప్రదాయాలన్నిటా కనిపించే సూత్రం ఒకటుంది: లోపల ఏముందన్నదాన్ని, కుట్టు వరసల మధ్య ఎంత దూరముందన్నదాన్ని విడదీసి చూడటానికి వీల్లేదు. లోపలిది ఎంత వదులుగా ఉంటే కుట్లు అంత దగ్గరగా పడాలి. ఆధునిక కుట్టుపని పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పేది కూడా దాదాపు ఇదే.

వదులు దూది సంగతి తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. దూదేకులవారి చేత ఏకించిన దూది పరుపుకూ దిండుకూ మేలైనది. ఏకడం వల్ల పోగులు విడివడి, గాలి నిండి, సమంగా పరుచుకుంటాయి. కాని ఆ పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది ఏదీ లేదు. పరుపును ఉతకరు కనుక చెల్లిపోతుంది. వారం వారం ఉతికే మ్యాట్‌లో అదే దూది రెండు మూడు ఉతుకులకే ముద్దలు కట్టి మూలలకు చేరుతుంది. బూరుగు దూది ఇంకా తేలికైనది, నీటిని దగ్గరకు రానివ్వనిది. లోపల బోలుగా ఉండి పైన మైనపు పూత వంటి పొర గల పోగు కావడం వల్లనే ఒకప్పుడు దాన్ని ప్రాణరక్షక జాకెట్లలో నింపేవారు. అయితే ఆ పోగు నున్నగా జారుతుంది, పెళుసుగా విరుగుతుంది, నిప్పు తగిలితే చప్పున అంటుకుంటుంది. దిండుకు అది శ్రేష్ఠమే కాని, మ్యాట్‌లోకి ఏ విధంగానూ తగదు.

పరుపు దూదికీ, క్విల్టు కుట్టేవారు బ్యాటింగ్ అని పిలిచే దూది పొరకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. బ్యాటింగ్ తయారీలో ముళ్ల వంటి గాట్లున్న సూదులతో దూది పొరను వేలసార్లు పొడిచి పోగులను ఒకదానితో ఒకటి పెనవేస్తారు. కొన్ని రకాల్లో ఆధారంగా వల వంటి సన్నని పొరనూ చేరుస్తారు. అందువల్ల అది దుప్పటి మాదిరిగా కత్తెరతో కత్తిరించుకోవడానికి వీలైన పొరగా నిలుస్తుంది. ఆధారపు పొర ఉన్న రకానికి కుట్టు వరసల మధ్య ఎనిమిది అంగుళాల దాకా దూరం ఉన్నా చెల్లుతుందని తయారీదారులు చెబుతారు. ఆ పొర లేని స్వచ్ఛమైన దూది రకానికి రెండు మూడు అంగుళాలకు ఒక వరస పడాలి. మ్యాట్ వెడల్పు అడుగుకు అటూఇటూగానే ఉంటుంది కనుక నాలుగైదు వరసలతో ఈ షరతు ఎలాగూ తీరిపోతుంది. దూది బ్యాటింగ్‌లో అసలు చిక్కు ముడుచుకోవడం. మొదటి ఉతుకులో అది 3 నుంచి 5 శాతం తగ్గవచ్చు. ముందే ఉతికిన పై గుడ్డ తగ్గకుండా లోపలిది మాత్రమే తగ్గితే మ్యాట్ అంతా ముడతలు పడుతుంది. దుప్పటికి ఆ ముడతలు అందమని భావించేవారున్నారు. కంచం సమంగా నిలవవలసిన చోట అది అందం కాదు. నూటికి ఎనభై పాళ్లు దూది, ఇరవై పాళ్లు పాలిస్టర్ కలిసిన రకం ఈ ముడుచుకోవడాన్ని కొంత తగ్గిస్తుంది, త్వరగానూ ఆరుతుంది. రోజువారీ మ్యాట్‌కు కొనదగిన మెత్తల్లో దీనికే మొదటి స్థానం ఇవ్వవలసి ఉంటుంది.

మన ఊళ్లలో టైలరింగ్ సామాన్ల దుకాణానికి వెళ్లి అడిగితే దొరికేది చాలాసార్లు ఇది కాదు, పాలిస్టర్ వాడింగ్. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కతో దాన్ని అమ్ముతారు. 100 గ్రాములది పలచన, 200 గ్రాములది ఉబ్బు. చవక, తేలిక, ముడుచుకోదు, త్వరగా ఆరుతుంది, బూజు పట్టడం అరుదు. ఇన్ని గుణాలుండగా దాన్ని ఎందుకు తప్పుపట్టాలన్న ప్రశ్న సహజమే. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటితే గాని కరగదు కనుక కుక్కర్ కింద అది కరిగిపోతుందన్న భయం అతిశయోక్తి. కాని 70, 80 డిగ్రీలకే ఆ పోగు బిగువు సడలుతుంది. ఆ స్థితిలో బరువు పడితే అణిగిన చోట అణిగినట్టే ఉండిపోయి, మ్యాట్ నడుమ గిన్నె ఆకారంలో గుంట మిగులుతుంది. నూనె మూకుడు మరీ కాగి ఉంటే నిజంగానే కరగవచ్చు. ఉబ్బు రకం పెడితే మరో ఇబ్బంది ఉంది: కుట్టు పడిన చోట లోయలు, పడని చోట మిట్టలు ఏర్పడి, మంచినీళ్ల గ్లాసు ఒరిగిపోతుంది. పైగా నాసిరకం వాడింగ్ పోగులు గుడ్డ నేత సందుల్లోంచి పైకి తేలుతాయి. నల్లని, ముదురు నీలపు గుడ్డల మీద అది తెల్లని నూగులా కనిపిస్తుంది. పాలిస్టర్‌నే వాడదలిస్తే పలచని 100 గ్రాముల రకం తీసుకోవడం, మ్యాట్ మీద వేడి గిన్నె పెట్టకపోవడం అనే రెండు షరతుల మీద వాడవచ్చు.

దుకాణదారు దూది అని చెప్పినది దూదేనా అని తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. చిటికెడు మెత్తను పటకారుతో పట్టి, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద వెలిగిస్తే, దూది కాగితం కాలిన వాసనతో మండి వేళ్లకు పొడిగా రాలే బూడిదను మిగులుస్తుంది; పాలిస్టర్ మంట నుంచి వెనక్కి ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి నల్లపూసగా మారుతుంది. రెండూ కనిపిస్తే అది మిశ్రమం.

మిగిలిన పదార్థాలను త్వరగా చూడవచ్చు. ఫోమ్ షీటు బ్యాగులకు మంచిదే కాని వేడికి ఆగదు, ఎండకు పచ్చబడి పొడిపొడిగా రాలిపోతుంది. కాలర్లలో వాడే బక్రం మ్యాట్‌ను బల్లకు అంటిపెట్టుకునేలా బిరుసుగా ఉంచుతుంది. గంజి పట్టించిన పాతరకం బక్రం ఉతికితే చప్పబడుతుంది, ఇస్త్రీతో అతుక్కునే రకం నిలుస్తుంది కాని వేడిని ఆపదు. ఇస్త్రీతో అతికే ఫ్లీస్ మూల తీరుగా రావడానికి, కొత్తగా నేర్చుకునేవారికి గుడ్డలు జారకుండా ఉండటానికి ఉపయోగపడుతుంది. ఇస్త్రీ సరిగా పట్టకపోతే నాలుగు ఉతుకుల్లో బుడగలు లేస్తుంది. ఉన్ని నిప్పును తట్టుకోవడంలో అన్నిటికంటే మేలైనది, కాని వేడినీటిలో నలిపితే గడ్డకట్టి కుంచించుకుపోతుంది, చిమ్మటలకు ఆహారమవుతుంది; మన ఎండలకూ మన పులుసులకూ అది పొసగదు. గోనెగుడ్డ తడిస్తే బలం కోల్పోతుంది, పోగులు రాలుస్తుంది. వెదురు బ్యాటింగ్ పేరిట వచ్చేది చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్. మెత్తగా ఉంటుంది, ధర ఎక్కువ, మ్యాట్‌కు దానివల్ల ప్రత్యేక లాభం లేదు.

వేడిని వెనక్కి కొడుతుందని చెప్పే వెండిపొర మెత్తను గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇందులో లోహపు పూత గల పలచని ఫిల్మును పాలిస్టర్ పోగులతో కలిపి సూదులతో పొడుస్తారు. మెరిసే పొర వేడిని ప్రతిఫలింపజేసే మాట నిజమే. అయితే ప్రతిఫలించడానికి దాని ముందు గాలి సందు ఉండాలి. గిన్నె అడుగు గుడ్డను, గుడ్డ ఫిల్మును నేరుగా ఒత్తుకున్నప్పుడు వేడి స్పర్శతోనే దిగుతుంది కనుక ఆ పొర వల్ల కలిగే అదనపు లాభం ప్రకటనలు చెప్పినంత ఉండదు. అందుకే అనుభవజ్ఞులు దాన్ని ఒంటరిగా కాక, పైన ఒక దూది పొరతో కలిపి వాడతారు. కదిలినప్పుడల్లా కరకరమనే ఈ మెత్త గిన్నెల కింది దళసరి మ్యాట్‌కు తగినదే గాని, కంచం మ్యాట్‌కు అక్కరలేదు. లోహపు పూత ఉంది గనుక దానితో కుట్టినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

ఇన్ని రకాలు చూశాక బొంత కుట్టినవారి మార్గం వైపు మళ్లీ చూడవలసి వస్తుంది. పాత నేత చీర, పంచె, పలచబడిన దుప్పటి వంటివి ఎన్నో ఏళ్లు ఉతుకులు తిన్నవి. ముడుచుకోవలసినంత ముడుచుకున్నాయి, వదలవలసిన రంగు వదిలాయి. అలాంటి గుడ్డను మూడు నాలుగు మడతలు వేసి నడుమ పెడితే కంచం మ్యాట్‌కు కావలసిన మందం వస్తుంది, మ్యాట్ సమంగా పరుచుకుంటుంది, ఖర్చూ లేదు. కొన్న మెత్త కంటే ఇది తక్కువరకమన్న భావన దుకాణాలు కలిగించినదే తప్ప వాడుకలో రుజువైనది కాదు. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. గంజి పెట్టిన గుడ్డను గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి గాని లోపల పెట్టకూడదు, పిండిపదార్థం తినే వెండిపురుగులు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. చిరగడానికి సిద్ధంగా ఉన్న భాగాన్ని వదిలేసి, పమిట వైపు గట్టి భాగాన్నే తీసుకోవాలి. పాత తుండు, ముఖ్యంగా టర్కీ తువ్వాలు, పీల్చుకోవడంలో దీన్ని మించుతుంది; ఆరడంలో అంతకంతా వెనకబడుతుంది. జీన్స్ గుడ్డ ఒక్క పొర చాలు, కాని అంచు కుట్టులో చేరితే సూది విరుగుతుంది.

ఆరడం అన్న మాటను తేలికగా తీసుకోవడానికి లేదు. తెలుగువారి బల్ల మీద పసుపు, చింతపండు, నూనె పడని రోజుండదు. పసుపు రంగుకు కారణమైన కర్క్యుమిన్ సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబారుతుంది. అది చూసి మరక ముదిరిందనుకుని గట్టిగా రుద్దడం కంటే, సబ్బు వదిలాక ఎండలో ఆరవేస్తే ఆ రంగు వెలుతురుకు తనంతట తానే వెలిసిపోతుంది. అంటే మ్యాట్ తరచుగా ఉతకదగినదై, ఎండలో పూర్తిగా ఆరేదై ఉండాలి. పైకి ఆరినట్టు కనిపించి లోపల చెమ్మ నిలిచిన దళసరి మెత్త వానాకాలంలో ముక్క వాసన వేసి, నల్లని బూజు చుక్కలు పుట్టిస్తుంది. మెత్తను ఎంచుకునేటప్పుడు దుకాణంలో చేత్తో ఒత్తి చూసే మెత్తదనం కంటే, ఉతికి దండెం మీద వేశాక అది ఎంతసేపటికి ఆరుతుందన్నదే గట్టి గీటురాయి.

పై గుడ్డ మెత్తను ఎంతగా నిర్ణయిస్తుందో చాలామంది గమనించరు. పెడనలో అచ్చులు వేసే కలంకారీ గుడ్డ, మంగళగిరి నూలు గుడ్డ పలచనివి. వాటికి నడుమ ఒక పొర తప్పదు. పోచంపల్లి ఇక్కత్ దళసరి రకానికి ఒక్క మడత పాత గుడ్డ చాలు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీల తరహా నేతకైతే మెత్తే అక్కరలేదు. అంచు మడిచి కుట్టితే అదే మ్యాట్. ముదురు రంగుల గుడ్డను ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం మీద ఆధారపడకుండా, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు వదలడం ఆగేవరకు విడిగా ఉతకడమే నమ్మదగిన మార్గం.

కొలతల విషయంలో 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు అనేది వాడుకలో స్థిరపడిన పరిమాణం. మన కంచం పక్కన గ్లాసు, చిన్న గిన్నె పెట్టుకోవడానికి 13, 19 అంగుళాలు ఇంకా సుఖం. చుట్టూ అర అంగుళం కుట్టుకు వదిలి 12, 18 అంగుళాల మ్యాట్ కుట్టాలంటే 13, 19 అంగుళాల ముక్క కావాలి. 44 అంగుళాల పన్నా గల గుడ్డలో అడ్డంగా మూడు, నిలువుగా రెండు ముక్కలు వస్తాయి. ఆరు మ్యాట్లకు 38 అంగుళాల పొడవు పడుతుంది. మీటరు 39 అంగుళాల పైచిలుకు కనుక సరిపోతుందనిపిస్తుంది. కాని కొత్త నూలు గుడ్డ 5 శాతం ముడుచుకుంటే ఆ మీటరు 37 అంగుళాల చిల్లరకు దిగుతుంది. అందుచేత పైకి మీటరుంబావు, అడుగుకు మీటరుంబావు తీసుకోవాలి. అంచుకు విడిగా పట్టీ వేయదలిస్తే ఒక్కో మ్యాట్‌కు రెండున్నర అంగుళాల వెడల్పుతో సుమారు 70 అంగుళాల పట్టీ పడుతుంది. ఆరింటికీ కలిపి ముప్పావు మీటరు గుడ్డ చాలు.

కుట్టే పద్ధతుల్లో ప్రధానమైనవి రెండు. మొదటిది తిరగేసే పద్ధతి: అడుగున మెత్త, దాని మీద పై గుడ్డ మంచివైపు పైకి, దాని మీద అడుగు గుడ్డ మంచివైపు కిందికి పరిచి, ఒక పక్క నాలుగైదు అంగుళాల సందు వదిలి చుట్టూ కుట్టి, మూలలు కత్తిరించి, ఆ సందులోంచి తిరగేసి, అంచు పొడవునా పైకుట్టు వేస్తారు. ఇది తేలిక, త్వరగా అవుతుంది. మెత్త దళసరిగా ఉంటే మాత్రం మూలలు మొద్దుబారతాయి. రెండవది మూడు పొరలనూ ముందే కలిపి నడుమ వరసలు కుట్టి, అంచులు సరిచేసి, చుట్టూ పట్టీ వేయడం; శ్రమ ఎక్కువ, ఉతుకులకు ఎక్కువ కాలం నిలిచేదీ ఇదే. మెత్తను అంచు కుట్టులో కలపాలా, కుట్టుకు లోపలే ఆగేలా కత్తిరించాలా అన్నది తిరగేసే పద్ధతిలో ఎప్పుడూ వచ్చే వివాదం. లోపలే ఆపితే అంచు పలచగా, తీరుగా వస్తుంది కాని పట్టు లేక మెత్త జారుతుంది. కుట్టులో కలిపి, తర్వాత మిగులును కుట్టు దాకా కత్తిరించడం రెంటికీ మధ్యేమార్గం. ఇస్త్రీతో అతికే రకానికి తప్ప మిగతా అన్నిటికీ ఇదే తగినది.

మిషన్ మీద మూడు పొరలు కుట్టేటప్పుడు కింది దంతాలు అడుగు గుడ్డను లాగుతాయి, పాదం పై గుడ్డను వెనక్కి నెడుతుంది. ఆ తేడా చివరికి ముడతగా తేలుతుంది. ముందుగా కచ్చాకుట్టు వేసుకోవడం, పాదం ఒత్తిడి తగ్గించడం, కుట్టు పొడవును మూడు మిల్లీమీటర్లకు పెంచడం, పదహారో నంబరు సూది వేయడం, వరసలను నడిమి నుంచి బయటికి కుట్టుకుంటూ రావడం దీనికి నివారణలు. వరసలు పడేకొద్దీ మ్యాట్ అర అంగుళం దాకా దగ్గరపడుతుంది కనుక, పట్టీ పద్ధతిలో మూడు పొరలనూ పెద్దవిగా కత్తిరించి, కుట్టాక కొలతకు తెగ్గోయాలి.

ఈ లెక్కలన్నిటినీ కలిపి చూస్తే, రోజువారీ కంచం మ్యాట్‌కు ఉతికి ఉతికి పలచబడిన నూలు గుడ్డ మడతలు గాని, దూది పాలు ఎక్కువున్న పలచని బ్యాటింగ్ గాని సరైన మెత్త. ఉబ్బు పాలిస్టర్‌కు అక్కడ స్థానం లేదు. కుక్కర్‌కూ మూకుడుకూ ఎనిమిది తొమ్మిది అంగుళాల చదరంగా, రెండు దళసరి దూది పొరలతో విడిగా ఒక కుదురు మ్యాట్ కుట్టుకోవాలి. ఏ మెత్త ఎంచుకున్నా దాని పది అంగుళాల చదరపు ముక్కను కొలిచి, వేడినీళ్లలో ఉతికి, ఆరాక మళ్లీ కొలవాలి. అంగుళంలో పదో వంతు తగ్గితే ఒక శాతం ముడుచుకున్నట్టు అర్థం. ఆ ముక్క మీదే మరిగే నీళ్లు పోసిన స్టీలు గ్లాసును పది నిమిషాలు ఉంచి, అడుగున బల్ల ఎంత వేడెక్కిందో చేత్తో చూసుకోవాలి. ఆరు మ్యాట్లకూ గుడ్డ ఒకేసారి కొన్నా, ముందు ఒక్కటే కుట్టి, ఒకసారి ఉతికి ఆరేశాక మిగతా ఐదింటికి కత్తెర పట్టడం మంచిది.